తాడు వెనక్కి జరిగిన రోజు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. పడమట, బొగ్గుగనుల గుట్టల మీద, ఉతికి పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఒక మబ్బు వేలాడుతోంది. తూర్పు వైపు మాత్రం శుభ్రంగా ఉంది. దక్షిణపు గాలి లేస్తే ఆ మబ్బు నిలవదని నాకు తెలుసు. నాకంటే ముందు గొర్రెలకు తెలుసు. అప్పటికే అవి దక్షిణానికి వీపులు తిప్పి నిలబడ్డాయి.

మా స్లేట్ క్రీక్ బేస్‌బాల్ మైదానంలో గడ్డి కోసే మనిషి లేడు. కంచెకు అవతల నా పొలం. ఆట లేని రోజుల్లో గొర్రెల్ని లోపలికి తోలితే గడ్డి వాటంతట అవే చూసుకునేవి. ఆట ఉన్న రోజు పొద్దున్నే వాటిని బయటికి తోలి, పెంటికలు పారతో ఎత్తి పోయడం నా వంతు. పందొమ్మిది వందల పదకొండు సెప్టెంబరులో మొదటి సోమవారం అది. కార్మికుల సెలవు. లీగ్‌లో ఆఖరి ఆట మాకూ హార్లన్ జంక్షన్ వాళ్ళకూ.

నేను పార కడుగుతుంటే మా బావ అన్సెల్ క్రైడర్ వచ్చాడు. భుజాన బ్యాటు, బ్యాటు చివర బూట్లు వేలాడుతున్నాయి.

"ఏమోయ్ బావమరిదీ, ఎడమ పక్క పల్లంలో నున్నగా మేశాయా?"

"మేశాయి బావా. ఈ ఏడు నీకంటే అవే ఎక్కువ పరుగెత్తాయి."

"వాటికేం, నాలుగు కాళ్ళు. నాకున్నవి ఒకటిన్నర."

ఆ ఎడమ మోకాలి మీద హాస్యం ఆయనే ఆడాలి. ఇంకొకరు ఆడితే ఒప్పుకోడు. రెండేళ్ళ కిందట చలికాలంలో గనిలో పైకప్పు రాయి జారి దాని మీద పడింది. అప్పటినుంచి వాన వచ్చే ముందు అది ఆయనకు చెబుతుంది. ఆ పొద్దున ఏం చెప్పిందని అడిగాను. "ఏం మాట్లాడలేదు. అలిగింది," అన్నాడు.

బూట్లు తొడుక్కుని, పల్లం దాకా నడిచి, అరచేత్తో నేలను తట్టి చూశాడు. నేను చూడనట్టు తాడు చుట్ట విప్పుతున్నాను. గడ్డివాములోకి గడ్డి ఎత్తే కప్పీ తాడు అది. జనం ఎక్కువైన రోజున మైదానం చివర గూటాలు పాతి ఆ తాడే కడతాం.

మా చెల్లెలు లవీనియాను చేసుకున్నాడు అన్సెల్. చేసుకున్ననాటి నుంచి దానికి ఒకటే బాధ. వేసవి అంతా మొగుడు ఎండలో ఆడతాడు, చలికాలం వచ్చేసరికి గనిలోకి దిగుతాడు. మా నాన్న దిగి, ఎక్కి రాని గని అది. జట్టు యజమానికి ఏటి ఒడ్డున మంచుగడ్డలు నిలవచేసే గోదాము ఉంది. వచ్చే ఏడుకు జట్టులో ఉంచుకోవాలనుకున్న వాళ్ళకు చలికాలమంతా అక్కడ పని ఇస్తాడు. అంటే జట్టులో ఉంటే నేల మీద, లేకపోతే నేల కింద. ఎవరుండాలో ఎవరు పోవాలో తేల్చేది జట్టు పెద్ద డోర్గన్.

డోర్గన్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఏప్రిల్‌లో అన్సెల్ కుంటుతూ మైదానంలోకి రావడం చూసి ఒక మాటన్నాడు. "కాళ్ళు లేనివాణ్ణి చివరి వరసలో నిలబెట్టలేనయ్యా. ఈ ఏడు చూస్తా." ఎండలు ముదిరాక ఇంకొక మాట కలిపాడు. "ట్రిపుళ్ళలో లీగ్ మొత్తానికి నువ్వు ముందు నిలిస్తే నీ కాళ్ళ గురించి ఇంక నోరెత్తను. మంచు గోదాము తాళం నేనే నీ చేతికిస్తా."

ట్రిపుల్ అంటే వేరే దెబ్బల్లాంటిది కాదు. కండ ఉన్నవాడు బంతిని కంచె దాటించి, నాలుగు బేస్‌లూ చుట్టి, బయలుదేరిన చోటు హోంకే తాపీగా చేరి పరుగు తెచ్చుకోవచ్చు. ట్రిపుల్‌కి అలా కుదరదు. బంతి మైదానంలోనే ఎక్కడో దొర్లుతూ ఉండాలి, దాన్ని ఎవడో తరుముతూ ఉండాలి, ఈలోగా కొట్టినవాడు మొదటిదీ రెండోదీ చుట్టి మూడో బేస్ మీద పడాలి. చేతులతో మొదలై కాళ్ళతో ముగిసే దెబ్బ అది. జూన్‌లో ఒకసారి అన్సెల్ మూడో బేస్‌కి మూరెడు దూరంలో అవుటయ్యాడు. బతికి చేరిన చోటుదాకే లెక్క కాబట్టి పేపర్లో దాన్ని రెండు బేస్‌ల దెబ్బగా వేశారు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆదివారం పేపరు చూస్తే లీగ్‌లో పంతొమ్మిదేసి ట్రిపుళ్ళతో ఇద్దరు సమానంగా ఉన్నారు. ఒకడు మా బావ. రెండోవాడు లెమ్ ఫాస్. హార్లన్ జంక్షన్ జట్టులో అన్సెల్ నిలబడే చోటే నిలబడే కుర్రాడు. ఇరవై మూడేళ్ళవాడు, జింకపిల్లలా ఉంటాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది, మబ్బు పోయింది. హార్లన్ జంక్షన్ నుంచి రెండు రైళ్ళ జనం దిగారు. గనుల క్యాంపుల వాళ్ళంతా ముందు బాకాల మేళం, వెనక పిల్లామేకా ఊరేగింపుగా వచ్చారు. బెంచీలు నిండిపోయాయి. మిగిలినవాళ్ళు మైదానం చివర నా తాడు వెనక వరసలు కట్టి నిలబడ్డారు. కుడిపక్క రైలు జనం, ఎడమపక్క మావాళ్ళు.

అలా జనం మైదానంలోకి వచ్చిన రోజున, బంతి తాడు కింద నుంచి వాళ్ళ కాళ్ళలోకి పోతే ఎన్ని బేస్‌లు ఇవ్వాలో ఆటకు ముందు రెండు జట్ల పెద్దలూ మాట్లాడుకుంటారు. జూలై నాలుగున మూడిచ్చారు. ఆ రోజు అన్సెల్‌కు ఒక ట్రిపుల్ అలాగే వచ్చింది. డోర్గన్ మూతి ముడిచి, "జనం కాళ్ళు కొట్టిన ట్రిపుల్," అన్నాడు. అందుకే ఈసారి తనే పట్టుబట్టి రెండుకు కుదించాడట. నాకు అన్సెల్ కాళ్ళు కావాలి, ఊరి కాళ్ళు వద్దు అన్నాడట. అది మాకు తర్వాత తెలిసింది. అంపైరు టిబెట్స్ రేకు కొమ్ము నోటికి పెట్టుకుని ఆ సంగతి అరిచి చెప్పాడు. సరిగ్గా అప్పుడే మా వెనక బాకాల మేళం అందుకుంది. అతని నోరు కదలడం కనపడింది. అంతే.

మా జనానికి ఒక అలవాటుంది. ఏ ఊరి జనానికైనా ఉంటుంది. పై ఊరివాడు దూరంగా కొడితే తాడు పట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరుగుతారు. మనవాడు పరుగెత్తి పట్టుకోవడానికి చోటుంటుంది. మనవాడు కొడితే ముందుకు జరుగుతారు. బంతి తొందరగా కాళ్ళలో కలిసిపోతుంది. అంపైర్లు చూసీ చూడనట్టుంటారు. మూడో ఇన్నింగ్స్‌లో లెమ్ ఫాస్ ఒకటి బలంగా కొట్టాడు. మావాళ్ళు తాడుతో సహా వెనక్కి జరిగారు. అన్సెల్ కుంటుతూనే వెళ్ళి తాడు దగ్గర దాన్ని పట్టేశాడు.

"మర్యాదస్తులయ్యా మీ ఊరివాళ్ళు!" అని లెమ్ కేకేశాడు. "చుట్టానికి చోటిచ్చినట్టు ఇచ్చారు!"

"కూర్చుని భోంచేసి పో అబ్బాయ్!" అన్నాడు టొమాజ్ తాత. ముసలి గనిపనివాడు. తాడుకు ఆనుకుని నా పక్కనే ఉన్నాడు. జనమంతా నవ్వారు.

అయిదో ఇన్నింగ్స్‌లో అన్సెల్ కొట్టాడు. ఎడమ పక్క పల్లం వైపు, గొర్రెలు నున్నగా మేసిన చోటికి. బంతి రెండుసార్లు ఎగిరి దొర్లడం మొదలుపెట్టింది. లెమ్ దానికి చాలా దూరంలో ఉన్నాడు. అన్సెల్ మొదటి బేస్ దాటేశాడు. మోకాలు తాళితే మూడోది ఖాయం.

"జరగండ్రా ముందుకు! జరగండి!" అని టొమాజ్ తాత అరిచాడు. ఎడమపక్క జనమంతా ఒక్కసారి తాడును పొట్టతో తోసుకుంటూ ముందుకు కదిలారు. గూటాలు ఊడొచ్చాయి. బంతి వాళ్ళ కాళ్ళలోకి పోయింది. పిల్లలు టోపీలు ఎగరేశారు. ఒక ఆడమనిషి పక్కింటావిడను వాటేసుకుంది.

అన్సెల్ మూడో బేస్ మీద నిలబడి రొప్పుతున్నాడు. టిబెట్స్ నడుచుకుంటూ వెళ్ళి రెండు వేళ్ళు చూపించి, రెండో బేస్‌కి పొమ్మన్నాడు.

అన్సెల్ ఒక క్షణం మా వైపు చూశాడు. కోపంగా కాదు. ఇంటికి తాళం వేసి తాళంచెవి లోపలే మరిచినవాడు తలుపు వైపు చూసినట్టు చూశాడు. తర్వాత తల వంచుకుని రెండో బేస్‌కి వెళ్ళాడు.

ముందు మావాళ్ళకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోల మొదలైంది. "దొంగ అంపైరు! జూలైలో మూడన్నారు గదా!" అని ఒకడు. "వాడికి లెక్కలు రావేమో, వేళ్ళు చూపించండ్రా!" అని ఇంకొకడు. బెంచీల దగ్గర కూర్చున్నవాళ్ళు వచ్చి చెప్పేదాకా తగ్గలేదు. ఈ రోజు రెండేనట. రేకు కొమ్ములో చెప్పాడట.

గోల ఆగిపోయింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఆ ఇన్నింగ్స్ అలాగే గడిచింది. అన్సెల్ రెండో బేస్ మీదే మిగిలిపోయాడు.

ఇన్నింగ్స్ మారే వేళకు మా చెల్లెలు వచ్చింది. బెంచీల నుంచి మైదానం అంచునే నడుచుకుంటూ, చేతిలో గొడుగు మడిచి పట్టుకుని. దాని నడక చూసి జనం దారిచ్చారు.

"ఆయన బంతిని ఎవరు మింగారు?" అంది.

"అందరం మింగాం అమ్మాయ్," అన్నాడు టొమాజ్ తాత. టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. "మూడిస్తారనుకున్నాం. ఆ కొమ్ములో చెప్పింది వినపడితేనా! అప్పుడే బాకా ఊదాడు నా అల్లుడు. ఇంటికెళ్ళాక వాడి బాకా ఏం చేస్తానో చూడు."

"బాకాని ఏమీ అనకు తాతా. మీ ప్రేమే మా కొంప ముంచింది."

"ఇంకొకసారి వస్తాడుగా కొట్టడానికి. ఏం చెయ్యమంటే అది చేస్తాం. చెప్పు."

"ఏమీ చెయ్యొద్దు. అదే చెయ్యండి. వెనక్కి జరగండి."

"ఎంత?"

"కంచె దాకా."

ఎవడో వెనక నుంచి, "కంచె దాకానా! అది పల్లం తల్లీ. అక్కడ నిలబడితే గడ్డి గట్టు తప్ప ఏమీ కనపడదు. పొద్దున్నుంచి నిలబడ్డాం!" అన్నాడు.

లవీనియా వాడి వైపు తిరిగింది. "నువ్వు చూడ్డానికొచ్చావా, ఆయన పరుగెత్తాలని వచ్చావా?"



"రెండూ అనుకుని వచ్చాను," అన్నాడు వాడు.

"ఈ పూటకు రెండూ దొరకవు."

అది గొడుగు నా చేతికిచ్చి, తాడు అందుకుని వెనక్కి నడిచింది. కాసేపు ఒక్కతే లాగింది. నేను రెండో కొస పట్టాను. తర్వాత టొమాజ్ తాత చెయ్యి వేశాడు. ఆ తర్వాత తాడు పొడవునా చేతులు పడ్డాయి. జనమంతా ముఖాలు ఆట వైపు పెట్టి, వెనక్కి వెనక్కి పల్లంలోకి దిగారు. కొందరు కంచె దూకి నా పొలంలోకి పోయారు. కొందరు పక్క పట్టాల మీద ఆగి ఉన్న బొగ్గు రైలు పెట్టెలెక్కారు. హార్లన్ జంక్షన్ పెద్ద చూసి టిబెట్స్‌ను పిలిచాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. జనం మైదానం నుంచి దూరంగా పోతే తప్పేముంది? కుడిపక్క రైలు జనం కూడా మమ్మల్ని చూసి, ఎందుకో తెలియకుండానే తామూ వెనక్కి జరిగారు.

అంత పెద్ద మైదానాన్ని ఆ ఏడు నేను జనమున్న రోజున చూడలేదు.

"ఏం కనపడుతోంది తాతా?" అని పైనుంచి అడిగాను. నేను గట్టు మీద, తాడు చివరి గూటం దగ్గర ఉన్నాను.

"ఆకాశం," అన్నాడు టొమాజ్ తాత కంచె దగ్గర నుంచి. "బాగానే ఉంది. మబ్బు లేదు."

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చింది. లెమ్ ఫాస్ మరి ట్రిపుల్ కొట్టలేదు. అతని వంతులు అయిపోయాయి. హార్లన్ జంక్షన్‌కు మూడు పరుగులు, మాకు రెండు. మాలో ఇద్దరు అవుట్, మూడోవాడూ అవుటైతే ఆట ముగిసినట్టే. బేస్‌ల మీద ఎవరూ లేరు. అన్సెల్ వచ్చాడు. ఆయన తర్వాత కొట్టాల్సినవాడు మా బంతి విసిరేవాడు. వాడి చేతిలో బ్యాటూ చీపురూ ఒకటే.

మొదటి బంతి వదిలేశాడు. రెండోదాన్ని కొట్టాడు.

అదే దిక్కు, అదే పల్లం. ఈసారి బంతి గట్టు అంచు దాకా వచ్చి, నన్ను దాటి, కిందికి దొర్లింది. దాని వెనక లెమ్ ఫాస్ వచ్చాడు. అతనూ గట్టు దిగిపోయాడు.

గట్టు మీద నేను ఒక్కణ్ణే ఉన్నాను. కింద ఉన్నవాళ్ళకు బంతీ లెమ్మూ కనపడుతున్నారు, అన్సెల్ కనపడడం లేదు. బెంచీల వాళ్ళకు అన్సెల్ కనపడుతున్నాడు, బంతి ఏమైందో తెలియదు. రెండూ చూడగలిగినవాణ్ణి నేను. ఎటు చూడాలో తెలియలేదు.

బంతి కంచె వైపు దొర్లుతోంది. దొర్లి దొర్లి, తాడుకు ఇవతల, టొమాజ్ తాత బూటు ముందు జానెడు దూరంలో ఆగింది. తాడు దాటితే రెండే బేస్‌లు. ఎవరి కాలైనా తగిలితే గొడవ. తాత చేతులు కట్టుకుని గుంజలా నిలబడ్డాడు. కళ్ళు కూడా మూసుకున్నాడు. అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. అంతమంది జనంలో లెమ్ బూట్ల చప్పుడు ఒక్కటే వినపడింది.

"ఎక్కడున్నాడు?" అని కింది నుంచి లవీనియా అరిచింది.

"రెండు దాటాడు!" అన్నాను.

ఆ పరుగును కుంటుతున్న పరుగు అనొచ్చు. కానీ ఆ కుంటులో ఒక లయ ఉంది. కుడికాలు నేలను తన్నేది, ఎడమకాలు దాన్ని అందుకునేది. మధ్యలో టోపీ ఎగిరిపోయింది. లెమ్ బంతి అందుకుని గట్టు పైకి విసిరాడు. మధ్యలో నిలబడ్డవాడి చేతిలో పడేసరికి అన్సెల్ మూడో బేస్ మీద కాలు వేశాడు.

"మూడు!" అని అరిచాను. పల్లంలో నుంచి లేచిన జనం కేక ఏటి అవతలకు వినపడి ఉంటుంది.

మూడో బేస్ పక్కన డోర్గన్ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఆగు అని. ఆగితే ఇరవై. లీగ్ మొత్తానికి ముందు. గోదాము తాళంచెవి. అన్సెల్ ఆ చేతుల్ని చూశాడు. చూసి, వాటి పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"ఆగలేదు!" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏమంటున్నావన్నయ్యా?"

"హోం వైపు పోతున్నాడు!"

పరుగు వస్తే ఆట సమానం. ఆ చీపురు చేతివాడి మీద ఆశ పెట్టుకోవడం కంటే తన మోకాలి మీద పెట్టుకోవడం మేలనుకున్నాడు. అది నాకు అప్పుడే అర్థమైంది. బంతి అన్సెల్ భుజం మీదుగా పోయి, హోం దగ్గర కాచుకున్న క్యాచర్ చేతిలో పడింది. అన్సెల్ జారాడు. దుమ్ము లేచింది. దుమ్ములో టిబెట్స్ బొటనవేలు పైకి లేచింది.

అవుట్. ఆట పోయింది. ఏడాది అయిపోయింది.

జనం మెల్లగా గట్టెక్కి వచ్చారు. మేమంతా హోం దగ్గరికి చేరేసరికి అన్సెల్ ఇంకా నేల మీదే కూర్చున్నాడు, మోకాలు రెండు చేతులతో పట్టుకుని. లవీనియా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ముఖం మీద దుమ్ము గౌను అంచుతో తుడిచింది.   అక్టోబరులో గనిలో మనుషుల్ని తీసుకుంటారు. ఆ మాట ఇద్దరి ముఖాల మీదా ఉంది.

లెమ్ ఫాస్ పల్లం నుంచి అందరికంటే ఆఖరున వచ్చాడు. అన్సెల్ టోపీ ఏరుకుని తెచ్చాడు. దాన్ని దులిపి ఇచ్చి, పక్కనే చతికిలబడ్డాడు.

"అన్నా, ఏడవాల్సింది నేను. నువ్వెందుకు ఆ ముఖం పెట్టావు?"

"నువ్వు గెలిచావు గదా."

"ఆట గెలిచాం. నువ్వు నన్ను గెలిచావు. చచ్చింది ఎక్కడ నువ్వు?"

"కనపడలేదా? ఇక్కడే, హోంలో."

"మూడో బేస్‌లో బతికావా లేదా?"

అన్సెల్ తలెత్తాడు.

"బతికినదాకా నీదే," అన్నాడు లెమ్. "హోంలో కూడా బతికుంటే దాన్ని నాలుగు బేస్‌ల దెబ్బ, హోం రన్‌గా రాసేవాళ్ళు. ట్రిపుల్ అయ్యేది కాదు. ఇద్దరం పంతొమ్మిది దగ్గరే ఉండేవాళ్ళం. నేను కాస్త నెమ్మదిగా విసిరుంటే సరిపోయేది. నా చేత్తో నేనే నీకు ఇరవయ్యోది వడ్డించాను!" తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా చరుచుకున్నాడు. "దీన్ని నరకాలి."

ఎవరూ నమ్మలేదు. అందరం బెంచీల పైన లెక్క రాసే పేపరాయన వైపు చూశాం. ఆయన పెన్సిలు చెవి మీద దోపుకుని, మూడు వేళ్ళు పైకెత్తి చూపించాడు.

అప్పుడు టొమాజ్ తాత నవ్వు మొదలుపెట్టాడు. ముసలివాడి నవ్వు, దగ్గుతో కలిసి వచ్చింది. "ఓరి నీ! మేం సాయం చేస్తే ట్రిపుల్ రెండైంది. వీడు సాయం చేస్తే పరుగు ట్రిపుల్ అయింది. ఎవడు ఎవడి వైపురా ఈ ఆటలో?"

జనం విరగబడి నవ్వారు. రైలు జనం కూడా. డోర్గన్ నవ్వలేదు. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి అన్సెల్ ముందు నిలబడ్డాడు.

"చేతులెత్తాను."

"చూశానండీ."

"చూసే పోయావా?"

"చూసే పోయాను."

డోర్గన్ దవడ రెండుసార్లు కదిలింది. "నీ కాళ్ళ గురించి మాటిచ్చాను. ఆ మాట మీదే ఉంటా. నీ బుర్ర గురించి ఏ మాటా ఇవ్వలేదు." జేబులో చెయ్యి పెట్టి, కాసేపు వెతికి, తాళంచెవి తీసి లవీనియా చేతిలో పెట్టాడు. అన్సెల్ చేతిలో కాదు. "గురువారం పొద్దున్నే పంపించమ్మా. మంచు కరక్కుండా గోదాము గోడల్లో రంపపు పొట్టు నింపాలి. ఏప్రిల్‌లో మాత్రం ఇక్కడికి పంపించు."

లవీనియా తాళంచెవిని పిడికిట్లో బిగించింది. ఆ పిడికిలి ఇల్లు చేరేదాకా విప్పలేదు.

హార్లన్ జంక్షన్ మొదటి రైలు వెళ్ళిపోయింది. రెండోదానికి ఇంకా వేళ ఉంది. "చుట్టానికి చోటిచ్చారు, భోజనం కూడా అన్నారు గదా," అన్నాడు లెమ్. టొమాజ్ తాత అన్నమాట వాడు మరిచిపోలేదు. సరే రమ్మన్నాం. తాతనూ పిలిచాం. డోర్గన్‌ను మేం పిలవలేదు. మా వెనకే నడిచి వచ్చాడు.

నేను గొర్రెల్ని మైదానంలోకి తోలి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి బల్ల సిద్ధంగా ఉంది. పంది ఎముక వేసి ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, ఉప్పు చల్లిన టమాటా ముక్కలు, కుండలో మజ్జిగ. అన్సెల్ ఎడమకాలు బోర్లించిన బకెట్ మీద చాపి కూర్చున్నాడు. మోకాలికి తడిగుడ్డ. లవీనియా తాళంచెవిని ఉప్పుగిన్నె పక్కన పెట్టింది. అందరూ దాన్ని ఒకసారి చూశారు. అన్సెల్ ప్రార్థన మొదలుపెట్టి, సగంలో తాళంచెవి వైపు చూసి ఆగాడు. తాత ఆమెన్ అనేశాడు.

రొట్టె చేతులు మారింది. గింజలు వడ్డించేటప్పుడు లవీనియా అందరికంటే ముందు లెమ్ పళ్ళెంలో మాంసం ముక్క వేసింది. వాడు తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. డోర్గన్ రెండోసారి పళ్ళెం చాచాడు. కిటికీలో నుంచి పల్లం కనపడుతోంది. మధ్యాహ్నం అంతమంది తొక్కిన గడ్డి మీద గొర్రెలు తలలు వంచి మేస్తున్నాయి. మేమూ తలలు వంచి తిన్నాం.